మగవాళ్ళకి మామోగ్రామ్ తీసేటప్పుడు

అమ్మాయీ,

అమలాపురంలో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మిషను నీ చేతికిచ్చారట, సంతోషం. ఆడవాళ్ళ సంగతి నీకు చెప్పక్కర్లేదు. మగవాడొస్తేనే చాలామంది ‘అక్కడేముందిలే’ అని మొక్కుబడిగా తీసి పంపేస్తారు. రొమ్ము కేన్సర్లు 100 ఉంటే అందులో 1 దాకా మగవాళ్ళదే.

గడ్డ తగిలి వచ్చినవాడు 25 ఏళ్ళ లోపు కుర్రాడైతే ముందు అల్ట్రాసౌండ్. 25 నిండితే మామోగ్రామ్‌తో మొదలు. గడ్డ ఒకవైపే ఉన్నా రెండు వైపులా తియ్యి, పైనుంచి కిందికి తీసే సీసీ ఒకటి, పక్కనుంచి ఏటవాలుగా తీసే ఎమ్మెల్వో ఒకటి.

హాల్లో ‘మామోగ్రామ్ ఎవరండీ’ అని కేకెయ్యకు, ఆయన లేచి ఇంటికి పోతాడు. చొక్కా, బనీను విప్పాక తడిగుడ్డతో ఛాతీ, చంకలు తుడుచుకోమను. మన ఉక్కకి పౌడరు దట్టించుకొస్తారు. ఆ రేణువులు బొమ్మలో, కేన్సరులో కనపడే సున్నపు చుక్కల్లా పడి లేని భయం పెడతాయి.

బొమ్మలో చోటు తెలిసేలా గడ్డ మీద మార్కర్ అంటించు. కొబ్బరిచెట్లు ఎక్కేవాళ్ళకి, వలలు లాగేవాళ్ళకి ఛాతీ కండ బిగుతు. దానికితోడు వెంట్రుకలు. రొమ్ముని నొక్కే పలక, అదే ప్యాడిల్, దిగుతుంటే అంతా జారిపోతుంది. ‘భుజం వదిలెయ్యండి బాబాయ్‌గారూ’ అని, కండతో సహా ముందుకు లాగి, ప్యాడిల్ పట్టు చిక్కేదాకా చెయ్యి తియ్యకు. సన్న ప్యాడిల్ ఉంటే అదే వాడు. చనుమొన అంచున విడిగా కనపడాలి. మడతపడితే అదే గడ్డలా కనిపిస్తుంది, వెనకున్న అసలుదాన్ని కప్పేస్తుంది.

దీనిమీద ఇంత పట్టుబట్టడానికి కారణముంది. గైనకోమాస్టియా, అంటే మగవాళ్ళకి కేన్సరు కాకుండా రొమ్ము కణజాలం పెరగడం, చనుమొన వెనకే మొదలై తాటాకు విసనకర్ర విప్పినట్టు తెల్లగా పరుచుకుంటుంది. కేన్సరు తరచు మొనకి కాస్త పక్కగా, ఎగుడుదిగుడు అంచులతో ఉంటుంది. ఒక్కోసారి సరిగ్గా మొన వెనకే ఉంటుంది, అందుకే ‘ఏం లేదులెండి’ అని నువ్వు ధైర్యం చెప్పకు. అది డాక్టరుగారి పని. ఒట్టి కొవ్వే అయితే మొన వెనక ఆ తెల్లదనమే ఉండదు.

చీటీలో ఇవి రాయి: రొమ్ము పెరిగేలా చేసే స్పైరనోలాక్టోన్, డిజాక్సిన్, ఫినాస్టరైడ్ లాంటి మాత్రలు, జిమ్ములో పొడిపించుకునే ఇంజెక్షన్లు, లివరు జబ్బు, తల్లికో అక్కచెల్లెళ్ళకో రొమ్ము కేన్సరు, మొన లోపలికి పోవడం, రక్తం కారడం. అనుమానముంటే చంకలో బిళ్ళలు (లింఫు గ్రంథులు) కూడా అల్ట్రాసౌండ్‌లో చూస్తారు, 14 గేజ్ సూదితో పరీక్షకి ముక్క తీస్తారు.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని ముందే అడుగు. లంకలోంచి పంటు దాటి వచ్చిన మనిషిని సూది రోజున అడిగి వెనక్కి పంపితే, మళ్ళీ వస్తాడన్న నమ్మకం లేదు.

మీ పెదనాన్న