10,000 ఎంఏహెచ్‌దా, 6,000దా? ముందు బ్యాండ్లు చూడండి

10,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న రగ్గడ్ (మొరటు వాడకాన్ని తట్టుకునే) ఫోన్ కొనాలా, 6,000 ఉన్నదా అని అడిగారు. మీరు తేల్చుకోలేకపోవడానికి కారణం, రెండు ఫోన్లలోనూ ఒకేలా ఉన్నవాటిని పోల్చడమే. ఐపీ68 (దుమ్ము, నీటిని తట్టుకునే రేటింగ్), మిల్-ఎస్‌టీడీ-810హెచ్ (దెబ్బలు, వేడి లాంటివి తట్టుకుంటుందా అని చూసే అమెరికా సైనిక ప్రమాణం) రెండింటికీ ఉన్నాయి కదా, పక్కన పెట్టేయండి. పైగా 810హెచ్‌లో ఏ పరీక్షలు చేయాలో ఎంచుకునేది ఫోన్ తయారుచేసే కంపెనీయే.

చాలామంది మర్చిపోయేది నెట్‌వర్క్:

1. మీ సిమ్ కంపెనీ వాడే 4జీ, 5జీ బ్యాండ్ (సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీ) నంబర్లు రాసుకోండి.
2. రెండు ఫోన్ల స్పెసిఫికేషన్లలో అవి ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడండి.
3. బ్యాండ్ ఉన్నా వోఎల్‌టీఈ (4జీ మీద కాల్ మాట్లాడే సదుపాయం) పనిచేయకపోవచ్చు. నెట్ వస్తుంది, కాల్ మాత్రం కలవకపోవచ్చు. మోడల్ నంబర్ చెప్పి సిమ్ కంపెనీనే అడగండి.

నెట్‌వర్క్ విషయంలో రెండు ఫోన్లూ సరిపోతే, రోజూ ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే 6,000దే తీసుకోండి. 10,000ది జేబులో ఇటుకలా వేలాడుతుంది. పోర్టుకు రబ్బరు మూత ఉంటే, తడిలోకి వెళ్లేముందు గట్టిగా నొక్కి మూయండి.