కారు చక్రాలకు ఊడదీసే స్ప్రే పెయింట్ ఇంట్లో కొట్టేటప్పుడు పల్చగా మాత్రం వదిలేయకండి

తిరుపతిలో ఉంటున్నాను, అలాయ్ వీల్స్ వెలిసిపోయాయి, వద్దనుకున్నప్పుడు తొక్కలా ఊడదీసుకునే స్ప్రే పెయింట్ ఇంటి దగ్గరే కొట్టుకోవచ్చా, రెండు డబ్బాలు చాలా అని ఒకరు అడిగారు. కొట్టుకోవచ్చు. రెండు డబ్బాలు మాత్రం చాలవు. నా 15 అంగుళాల చక్రాలు నాలుగింటికి నాలుగు డబ్బాలు పూర్తిగా పట్టాయి.

నేనూ తిరుపతిలోనే, కొర్లగుంటలో ఉంటాను. మొదటిసారి డబ్బాలు మిగులుతాయని రెండు పల్చటి పూతలు వేసి ఆపేశాను. చూడ్డానికి చాలా బాగుంది, కొత్త చక్రాలు వేయించావా అని మా తమ్ముడు కూడా అడిగాడు. కొన్ని నెలలు పోయాక ఊడదీద్దామని కూర్చుంటే గోరంత ముక్కలు తప్ప రాలేదు. ఉడికించిన గుడ్డు పెంకు ఒక్కోసారి తెల్లసొనకు అంటుకుపోయి చితుకు చితుకుగా వస్తుంది చూడండి, అచ్చం అలాగే. ఒక చక్రానికే ఒక ఆదివారం పోయింది, వేళ్ళు వాచాయి.

రేణిగుంట రోడ్డులో పెయింటింగ్ షెడ్డు నడిపే ఒకాయన అసలు సంగతి చెప్పాడు. ఇది మామూలు పెయింట్‌లా లోహాన్ని గట్టిగా పట్టుకోదు. థిన్నర్ లాంటి ద్రవంలో కరిగిన రబ్బరు అనుకోండి, ఆ ద్రవం ఎగిరిపోతే రబ్బరు పొర మిగులుతుంది. పొర మందంగా ఉంటేనే లాగినప్పుడు తెగకుండా మొత్తంగా వస్తుంది, పల్చగా ఉంటే ఎక్కడికక్కడ తెగిపోతుంది. మరి ఇప్పుడేం చెయ్యాలి అంటే, దానిమీదే ఇంకో మూడు పూతలు కొట్టు అన్నాడు. నమ్మలేదు, అయినా కొట్టాను. కొత్త పూతలోని థిన్నర్ పాత పొరను మెత్తబరచి రెండూ కలిసి ఒకటే పొర అయిపోయాయి. మర్నాడు అంచు దగ్గర బొటనవేలితో రుద్ది లాగితే అరచేతంత ముక్కలు వచ్చాయి. బ్లేడు మాత్రం పెట్టకండి, కింద అసలు పెయింట్ గీసుకుపోతుంది.

అందుకే రెండోసారి ఐదు పూతలు వేశాను. మొదటిది కావాలనే పల్చగా, వెనక రంగు సగం కనిపించేలా దుమ్ము చల్లినట్టు, ఎందుకంటే మిగతావి పట్టుకునేది దాన్నే. తర్వాతవి తడిగా మెరిసేంత, కారిపోనంత. డబ్బా జానెడు దూరంలో పెట్టి, చెయ్యి ఆపకుండా తిప్పుతూ, పూతకూ పూతకూ మధ్య ఇరవై నిమిషాలు, ఎండ తగ్గి ఉంటే అరగంట ఆగాను.

శుభ్రం చెయ్యడంలో బద్ధకించకండి. షాంపూతో కడిగి, బ్రేకు మసి అంతా బ్రష్‌తో వదిలించి (లోపలి మూలల్లో చాలా ఉంటుంది), పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (జిడ్డు తీసే స్పిరిట్) గుడ్డ నల్లబడకుండా వచ్చేదాకా తుడవాలి. బోరు నీళ్ళు ఆరితే తెల్లమరకలు మిగులుతాయి, వాటినీ తుడిచెయ్యాలి. టైరు పాలిష్ జిడ్డు కొంచెం ఉన్నా అక్కడ పొర ముందే లేచిపోతుంది. పెట్రోలుతో తుడిస్తే జిడ్డు వెనక్కి మిగులుతుంది, వద్దు. రిమ్ము మీద అసలు పెయింట్ ఇప్పటికే పొక్కులు లేచి ఉంటే ఊడదీసేటప్పుడు అదీ వచ్చేస్తుంది, అలాంటి చక్రానికి ఈ పని పెట్టుకోకండి.

చక్రం విప్పి కొట్టడమే మంచిది. నేను రోజుకో చక్రం విప్పి, దాని చోట స్టెప్నీ బిగించి, విప్పినదానికి కొట్టి మర్నాడు మార్చాను. నాలుగు రోజులు పట్టింది గానీ కారును జాకీ మీద వదిలెయ్యాల్సిన టెన్షన్ లేదు. విప్పకుండా కొట్టేవాళ్ళు బ్రేకు డిస్కు మీద ఒక్క చుక్కా పడకుండా కవరు చుట్టాల్సిందే. టైరుకూ రిమ్ముకూ మధ్య పాత శుభలేఖలు చుట్టూ గుచ్చండి, మాస్కింగ్ టేప్ కంటే అవే నయం. చివరి పూత తడిగా ఉండగానే ఆ శుభలేఖలు తీసెయ్యాలి, ఆరాక తీస్తే అంచు చిరుగుతుంది.

నట్లు కూర్చునే గుంతల్లోనూ, చక్రం వెనక హబ్బుకు ఆనుకునే చోటా పెయింట్ పడకూడదు. దూదో స్పాంజో కుక్కండి. అక్కడ రబ్బరు పొర ఉంటే నట్టు బిగినట్టే అనిపించి తర్వాత వదులవుతుంది. ఎదురెదురు నట్లు బిగించుకుంటూ రండి, యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి పానా వెయ్యండి. దయచేసి ఇది మర్చిపోవద్దు.

ఏ నెలలో అంటే, జనవరి, ఫిబ్రవరిలో మంచు పోయాక పొద్దున పూట. నవంబరులో వాన ముసురులో కొడితే గాలిలో తేమకు చక్రాల మీద పాలు చల్లినట్టు తెల్లగా వస్తుంది. మే నెల ఎండలో చక్రం కాలిపోతుంటే చుక్క చేరేలోపే ఆరిపోయి గరుకు కాగితంలా అవుతుంది. నీడ కావాలి, కానీ తలుపులు మూసిన షెడ్డు కాదు. ఆ ఆవిరి మండే రకం, పీలిస్తే తల తిరుగుతుంది. గుడ్డ కట్టుకుంటే ఏమీ ఆగదు, పెయింటర్లు వాడే ఫిల్టర్ మాస్కు కొనండి. దగ్గర్లో దీపం, స్టవ్, సిగరెట్ వద్దు.

కొట్టిన వారంలోపు వాటర్ వాష్‌కు ఇవ్వకండి. పెట్రోలు పోయించేటప్పుడు ఒలికి వెనక చక్రం మీద పడితే రబ్బరు కరుగుతుంది, వెంటనే నీళ్ళు పొయ్యండి. తిరుమల కొండకు వెళ్ళేవాళ్ళయితే ఇంకోటి. నేను వాడిన పెయింట్ ప్లాస్టీ డిప్ అనే బ్రాండు, దానికి కంపెనీ చెప్పే వేడి పరిమితి సుమారు 93 డిగ్రీలు. మనం కిందికి దిగే ఘాట్ రోడ్డు 1944 నాటి పాత దారి, మలుపు తర్వాత మలుపు. దారంతా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే చక్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. రెండో గేరులో దిగండి, పెయింట్ సంగతి అటుంచి బ్రేకులకూ అదే మంచిది. నేను అలాగే దిగుతున్నాను, రెండోసారి కొట్టింది ఏడాదిన్నరగా ఎక్కడా లేవలేదు.