కార్‌డ్రాస్‌లోని సెయింట్ పీటర్స్ సెమినరీని మళ్లీ నిలబెట్టవచ్చా?

"స్కాట్లాండ్‌లో పాడుబడ్డ ఆ కాంక్రీటు సెమినరీని కాపాడటం దండగ కదా, కూల్చేస్తే పోలా?" అని అడిగారు. సెమినరీ అంటే క్యాథలిక్ గురువులకు (ప్రీస్టులకు) శిక్షణ ఇచ్చే విద్యాలయం. గ్లాస్గోలో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, 2016 మార్చిలో, దాని లోపలికి వెళ్లి చూశాను. కూల్చకూడదనే నా మాట. అలాగని 1966లో ఉన్నట్టే తిరిగి కట్టాల్సిన పనీ లేదు.

అది పాడుబడటానికి మొదటి కారణం వాన కాదు, మనుషులు లేకపోవడం. గిలెస్పీ, కిడ్ అండ్ కోయా అనే ఆర్కిటెక్టుల సంస్థలోని ఐసీ మెట్జ్‌స్టైన్, ఆండీ మెక్‌మిలన్ దాన్ని వందమంది దాకా క్యాథలిక్ గురువిద్యార్థులు ఉండి చదువుకోవడానికని డిజైన్ చేశారు. 1966లో తెరిచేనాటికే క్యాథలిక్ చర్చిలో మార్పులు తెచ్చిన రెండో వాటికన్ మహాసభ ముగిసింది. గురువులకు శిక్షణ జనం మధ్యే ఇవ్వాలన్న ఆలోచన బలపడింది, చేరేవాళ్లూ తగ్గారు. భవనం ఎన్నడూ నిండలేదు. పైగా మొదటినుంచీ కారుతూనే ఉంది. 1980లో సెమినరీ మూతపడింది. కొన్నేళ్లు మత్తు మాన్పించే కేంద్రంగా నడిచి, తర్వాత ఖాళీ అయింది. 1992లో చారిత్రక కట్టడాల జాబితాలో, అత్యున్నత రక్షణ ఇచ్చే 'ఎ' కేటగిరీలో చేర్చారు గానీ కప్పు బాగుచేసే నాథుడే లేకపోయాడు.

నేను వెళ్లింది ఎన్‌వీఏ అనే కళాసంస్థ పెట్టిన 'హింటర్‌లాండ్' ప్రదర్శనకు. అంతకుముందే ఆస్‌బెస్టాస్, శిథిలాలు తీయించారు. రాత్రి అడవిలోంచి నడిచి వెళ్తే లోపల లైట్లు, బృందగానం. పైనున్న గదుల అంతస్తులు ఒక్కోటీ కిందిదానికన్నా ముందుకు జరిగి చాపెల్ (ప్రార్థనామందిరం) మీద ముడుచుకొస్తాయి. అక్కడ నిలబడితే తల అదంతటదే పైకి లేస్తుంది. కప్పు పోయినా ఆ చోటుకున్న బలం పోలేదు.

దారి పక్కన ఒక స్తంభానికి పెచ్చు ఊడి లోపలి ఇనుప ఊచ బయటపడింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది, ఆ పగులులోంచి మరింత నీరు దిగుతుంది. వేలితో గీరితే తుప్పు పొరలుగా రాలింది. దాని పక్క స్తంభం మాత్రం గట్టిగానే ఉంది, సెంట్రింగ్ చెక్కల గీతలు కూడా చెదరలేదు. అందుకే మొత్తం పోయిందనే మాట నేను ఒప్పుకోను. ఏ భాగం బతికుందో ఊచ ఊచకీ పరీక్షించి తేల్చాలి.

ఎన్‌వీఏ ఆలోచన నాకు బాగా నచ్చింది: చాపెల్ భాగానికి కప్పు వేసి కార్యక్రమాలకు వాడటం, మిగతాది పడిపోకుండా ఆపి శిథిలంగానే ఉంచడం. కానీ ఆ పథకం ఆగిపోయింది, 2018లో సంస్థే మూతపడింది. 2020లో భవనం సొంతదారైన గ్లాస్గో క్యాథలిక్ అగ్రపీఠం ఆస్తిని కిల్‌మహ్యూ ఎడ్యుకేషన్ ట్రస్టుకు ఉచితంగా ఇచ్చేసింది.

డబ్బు ఎవరిదైనా, ముందు పైనుంచి దిగే నీటిని మళ్లించాలి, బయటపడిన ఊచలకు మరమ్మతు చేయాలి. ఆ తర్వాత చాపెల్‌కు కప్పు. ఏడాది పొడవునా జనం వచ్చే పని అందులో ఏదో ఒకటి నడవాలి. అది ముందే తేల్చుకోకుండా కోట్లు పోస్తే 1966 నాటి కథే మళ్లీ జరుగుతుంది.