పాట గురించి కాదు, మీ తమ్ముడి గురించి చెప్పండి

అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి ఉత్తరం రాసిన అమ్మకు నమస్కారం.

పదహారేళ్ల మీ అబ్బాయి ఏడాదిగా గిటారు మీద ఒకే పాటను సాధన చేస్తున్నాడనీ, అది మెటాలికా అనే రాక్ సంగీత బృందం వారి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ అని తెలిసి దాని సాహిత్యాన్ని ఫోనులో చదివితే మాదకద్రవ్యాల ప్రస్తావన కనిపించి మీ గుండె జారిపోయిందనీ, మీవారు ఆ రాత్రే గిటారును గ్యారేజీలో పెట్టి తాళం వేశారనీ, మూడు వారాలుగా అబ్బాయి కంచం గదిలోకి తీసుకుపోయి ఒక్కడే తింటున్నాడనీ రాశారు. వాడు మత్తుకు అలవాటు పడ్డాడా, ఈ సంగీతాన్ని ఎలా మాన్పించాలి అని అడిగారు. ఉత్తరం చివర మాత్రం ‘మా తమ్ముడిలా అయిపోతాడేమోనని భయంగా ఉంది’ అని, గుంటూరులో తాగుడు వల్ల కాలేయం చెడి అతను ముప్పై ఎనిమిదేళ్లకే పోయాడని రెండు ముక్కల్లో చెప్పి వదిలేశారు. నాకు మీ ఉత్తరమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉన్నట్టు అనిపించింది.

ముందు పాట సంగతి చెబుతాను. 1986 మార్చిలో విడుదలైన ఈ పాట మీకు ఎక్కడిదో పరాయి గోలగా తోచవచ్చు గానీ, ఆ బృందం వారు ఆ రోజుల్లో కలిసి ఉండి పాటలు కట్టుకున్న ఇల్లు, మీ ఊళ్లో బార్ట్ రైలెక్కి రిచ్‌మండ్ వైపు వెళ్తే దారిలో తగిలే ఎల్ సెరిటోలోనే ఉంది. ఎనిమిదిన్నర నిమిషాల ఆ పాటలో మాట్లాడేది మనిషి కాదు, మత్తుమందు. తోలుబొమ్మలాటలో తెర వెనుక నుంచి బొమ్మను ఆడించేవాడి గొంతు అనుకోండి. తనను వాడుకుంటున్నానని భ్రమపడిన మనిషిని చివరికి తానే ఎలా ఆడిస్తున్నదో అది చెప్పుకుపోతుంది. ఆ గొంతు ఆశ చూపుతుంది, ఆజ్ఞలు ఇస్తుంది కాబట్టి, విడిగా సాహిత్యం చదివినవారికి అది మత్తును పొగుడుతున్నట్టు కనిపించడం సహజమే. నిజానికి అది హెచ్చరిక. దాన్ని రాసి పాడిన జేమ్స్ హెట్‌ఫీల్డ్ కూడా మనిషి మత్తును అదుపు చేయడం పోయి మత్తే మనిషిని అదుపు చేయడం గురించిన పాట ఇదని చెప్పారు.

అయితే పాట నిర్దోషి అని చెప్పి మిమ్మల్ని నిశ్చింతగా ఉండమనడం నా ఉద్దేశం కాదు. ఆ హెచ్చరిక రాసిన హెట్‌ఫీల్డే 2001లో వ్యసన చికిత్సకు వెళ్లవలసి వచ్చింది. 2019లో మళ్లీ వెళ్లారు, అప్పుడు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కచేరీలు ఆగిపోయాయి. ప్రమాదం తెలిసినంత మాత్రాన రక్షణ దొరకదు. మీ అబ్బాయికీ అంతే.

వ్యసనం ఉంటే అది సాధారణంగా పాటల ఎంపికలో కాక రోజువారీ నడవడిలో కనిపిస్తుంది: ఇష్టమైన పనులు ఒక్కొక్కటే వదిలేయడం, పాత స్నేహితులు మాయమవడం, ఇంట్లో డబ్బు తగ్గడం, నిద్ర తలకిందులవడం, మార్కులు పడిపోవడం. మీ ఉత్తరంలో వీటిలో ఏదీ లేదు. ఆ పాటలో గిటారు మీటడమంతా దాదాపు చేతిని కిందికి మాత్రమే ఆడిస్తూ, అమిత వేగంతో సాగాలి. మొదట్లో కొద్దిసేపటికే మణికట్టు పట్టేస్తుంది. ఏడాదిపాటు దాన్ని వదలకుండా సాధన చేసిన పిల్లవాడు ఇష్టమైన పనిని వదిలేసినవాడు కాదు, ఆ పనిని మనం వాడి చేతిలోంచి లాక్కున్నాం. ఈ మూడు వారాల మౌనానికి కారణం అక్కడ వెతకడం న్యాయమని నా అభిప్రాయం.

అనుమానం తీరకపోతే వాడికి తెలియకుండా పరీక్షలు చేయించవద్దు. మీ పిల్లల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, కాసేపు వాడితో ఒంటరిగా మాట్లాడమని అడగండి. ఈ వయసు పిల్లలతో వారు అలా మాట్లాడడం మామూలే. మరొక్క మాట, ఇది మీ అబ్బాయి ఒక్కడి కోసమే కాదు. ఇప్పుడు అక్కడ మందు బిళ్లల్లా కనిపించే నకిలీ బిళ్లల్లో ఫెంటనిల్ అనే అతి తీవ్రమైన మత్తుమందు కలుస్తోంది, ఒక్క బిళ్ల చాలు ప్రాణం పోవడానికి. దానికి విరుగుడైన నాలోక్సోన్ ముక్కు స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండానే మందుల షాపుల్లో దొరుకుతోంది, ఒకటి తెచ్చి ఇంట్లో ఉంచండి. అది వాడవలసి వస్తే అత్యవసర సహాయ నంబరు 911కు కూడా వెంటనే ఫోన్ చేయాలి. సలహా కోసం సమాఖ్య ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1-800-662-4357 రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

ఇక మీ తమ్ముడి విషయం. మేనమామ ఎలా పోయాడని అడిగితే మీ అబ్బాయికి ఏమి చెప్పారు? ‘ఒంట్లో బాగోక’ అని చెప్పి ఉంటారని ఊహిస్తున్నాను. మన ఇళ్లలో చాలామంది అదే చెబుతారు, పరువు కోసం కొంత, నోరు రాక కొంత. తాగుడు వ్యసనానికి లోనయ్యే స్వభావంలో వంశపారంపర్యం పాత్ర ఉందని వైద్యులు చెబుతున్నారు, అది తప్పించుకోలేని రాత మాత్రం కాదు. అందువల్ల మేనమామ కథ వాడికి తెలియవలసిన ఆరోగ్య సమాచారం కూడా. మీరు వాడిలో తమ్ముణ్ణి చూసి భయపడుతున్నారు, వాడికేమో అమ్మ తన గిటారును చూసి అసహ్యించుకుంటోందని అర్థమవుతోంది.

మీవారితో ముందు మాట్లాడి, గిటారును ఆయన చేతితోనే తిరిగి ఇప్పించండి. మరునాడు రాత్రి వాడు కంచం తీసుకుని గదిలోకి వెళ్తే ఆపకుండా, మీ కంచం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ‘నేనూ ఇక్కడ తిననా నాన్నా?’ అని అడగండి. వద్దంటే ఇంకో రోజు అడగండి. రానిస్తే, ఆ పాట మధ్యలో వేగం తగ్గి మెత్తగా సాగే భాగం ఒకటుంది, అది వాయించి వినిపించమనండి. తర్వాత మీ తమ్ముడి పేరు చెప్పి, చిన్నప్పుడు ఎలా ఉండేవాడో, ఎప్పటి నుంచి మారిపోయాడో, మీరు చివరిసారి ఎప్పుడు చూశారో చెప్పండి. మధ్యలో ఏడుపు వస్తే రానివ్వండి. ‘అందుకే నువ్వు ఇలా ఉండాలి’ అన్న మాట మాత్రం ఆ రాత్రి అనకండి. తర్వాత వాడేమన్నాడో నాకు రాయండి.