పదహారు నిండాక ఫుల్ చార్జీ పడుతుంటే

మీ అమ్మాయికి పదహారు నిండగానే బస్సులో పిల్లల టికెట్టు ఆపేశారని రాశారు. టెన్షన్ పడకండి. చాలా చోట్ల పిల్లల రాయితీకి వయసు చూస్తారు, విద్యార్థి పాస్‌కి చదువు చూస్తారు, రెండూ వేరు. కాలేజీలో బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకుని, ఫొటోతో పాస్ కౌంటర్లో అడగండి. స్కాట్లాండ్‌లో 2022 జనవరి నుంచి 22 ఏళ్ల లోపు వాళ్లకు బస్సు ఉచితం. అన్ని చోట్లా అలా ఉండాలని నా గట్టి కోరిక.

డబ్బు కట్టే ముందు నెల పాస్ ధరను ఒక టికెట్టు ధరతో భాగించండి. నెలలో అంతకన్నా ఎక్కువసార్లు ఎక్కితేనే పాస్ గిట్టుబాటు. సెలవుల నెలలో విడి టికెట్లే నయం. దారిలో బస్సు మారాలంటే రెండో బస్సులోనూ పాస్ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి, చాలామంది దెబ్బతినేది అక్కడే.