టెక్ సందేహాలు: ఒక్క వరుస తప్పితే మొత్తం పోకుండా ఉండాలంటే

ప్రశ్న: మా కళాశాల గ్రంథాలయంలోని 3,000 పుస్తకాల వివరాలను పైథాన్ ప్రోగ్రామ్ ద్వారా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే అన్నీ కలిపి ఒకే పనిగా, ఎక్కిస్తున్నాను. మధ్యలో ఒక పుస్తకం నంబరు రెండోసారి వచ్చి ఎర్రర్ రాగానే ఆ తర్వాతివేవీ ఎక్కడం లేదు. చివర్లో కమిట్ (మార్పులను శాశ్వతం చేసే ఆదేశం) ఇచ్చినా టేబుల్ ఖాళీగానే ఉంటోంది. తప్పున్న వరుసను మాత్రమే వదిలేసే మార్గం ఉందా?

జవాబు: ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ నడుస్తుండగా ఏ ఒక్క ఆదేశం విఫలమైనా మొత్తం ట్రాన్సాక్షన్ చెడిపోయినట్టే లెక్క. ఆ స్థితిలో మీరు కమిట్ ఇచ్చినా డేటాబేస్ చేసేది రోల్‌బ్యాకే, అంటే చేసినదంతా రద్దు చేయడమే. ఒరాకిల్ అనే మరో డేటాబేస్‌లో ఇలాంటి ఎర్రర్ వచ్చినప్పుడు ఆ ఒక్క ఆదేశమే రద్దవుతుంది కనుక, దానికి అలవాటుపడినవారు ఇక్కడ తరచూ ఇబ్బంది పడతారు.

దీనికి విరుగుడు సేవ్‌పాయింట్. ప్రతి ఇన్సర్ట్‌కు (వరుసను చేర్చే ఆదేశానికి) ముందు 'సేవ్‌పాయింట్' అనే ఆదేశంతో ఒక పేరు పెట్టి గుర్తు ఉంచుకోవాలి. ఇన్సర్ట్ సవ్యంగా జరిగితే 'రిలీజ్ సేవ్‌పాయింట్' అని ఆ గుర్తును తీసేయాలి. ఎర్రర్ వస్తే, పైథాన్‌లో ఎర్రర్‌ను పట్టుకునే ఎక్సెప్ట్ భాగంలో 'రోల్‌బ్యాక్ టు సేవ్‌పాయింట్' అని ఆ పేరు చెప్పాలి. అప్పుడు గుర్తు తర్వాత జరిగినది మాత్రమే రద్దయి, అంతకుముందు ఎక్కిన వరుసలన్నీ నిలిచి, ట్రాన్సాక్షన్ మళ్లీ పనిచేసే స్థితికి వస్తుంది. ఇక్కడ 'టు' అన్న మాట మరవకండి. అది లేని రోల్‌బ్యాక్ మొత్తం పనిని తుడిచేస్తుంది.

వెనక్కి వెళ్లిన తర్వాత కూడా ఆ గుర్తు సజీవంగానే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో అదే పేరుతో కొత్త గుర్తు పెడితే పాతది చెరిగిపోదు, దాని కిందే ఉండిపోతుంది. కాబట్టి విఫలమైనప్పుడు కూడా చివర రిలీజ్ ఇవ్వండి. రిలీజ్ అంటే కమిట్ కాదు. అసలు కమిట్ జరిగేలోగా కనెక్షన్ తెగిపోతే అన్నీ పోతాయి. మరొక సంగతి: సీక్వెన్స్ (వరుసలకు తనంతట తానే అంకెలు ఇచ్చే ఏర్పాటు) ఇచ్చిన క్రమసంఖ్యలు రోల్‌బ్యాక్‌తో వెనక్కి రావు, కనుక విఫలమైన చోట అంకెల్లో ఖాళీలు కనిపించవచ్చు.

డూప్లికేట్లే సమస్య అయితే, 2016లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.5 వెర్షన్ నుంచి ఉన్న, నంబరు ఇప్పటికే ఉంటే ఆ వరుసను వదిలేసే 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్' సరిపోతుందని ఎవరైనా చెప్పవచ్చు. అది నిజమే, వేగమైనదే. కానీ తేదీ తప్పుగా ఉన్న వరుసను అది కాపాడలేదు. పైగా ఏ పుస్తకాన్ని వదిలేసిందో చెప్పదు. ఒకే నంబరు రెండు వేర్వేరు పుస్తకాలకు పడి ఉంటే ఆ సంగతి గ్రంథాలయానికి తెలియాలి కదా! అందుకే మీకు సేవ్‌పాయింటే మేలని నా అభిప్రాయం. వెనక్కి వెళ్లిన వెంటనే ఆ వరుసనూ ఎర్రర్ సందేశాన్నీ 'తిరస్కృతాలు' అనే వేరే టేబుల్‌లో, అన్ని గడులనూ టెక్స్ట్‌గానే ఉంచి, రాసుకోవచ్చు.

వరుసకొక సేవ్‌పాయింట్ పెట్టడం ఉచితం కాదు. ఒక్కో సేవ్‌పాయింట్ లోపల ఒక ఉప ట్రాన్సాక్షన్‌ను మొదలుపెడుతుంది; ఒక ట్రాన్సాక్షన్‌లో ఇవి 64 దాటితే పోస్ట్‌గ్రెస్ వాటన్నిటినీ వేగంగా చూసుకునే చోట ఉంచుకోలేదు. ఆ భారం అదే సమయంలో పనిచేస్తున్న ఇతరుల మీద పడుతుంది. మీ 3,000 వరుసలకు భయం లేదు కానీ, గ్రంథాలయం మూసిన తర్వాత ఎక్కించడం మంచిది. కమిట్ ఇచ్చే ముందు రెండు టేబుళ్ల లెక్క చూడండి: ఎక్కినవీ తిరస్కృతాలూ కలిపి సరిగ్గా 3,000 రావాలి.