పాత సింహద్వారానికి ఇత్తడి గొళ్లెం

తాతగారి మండువా ఇంటి తలుపుకి ఆన్‌లైన్‌లో కొన్న ‘ఇత్తడి’ గొళ్లెం ఆర్నెల్లకే తుప్పు పట్టిందన్నారు కదండీ, అది ఇనుము మీద పూత. ఇత్తడైతే నల్లబడుతుంది, చిలుం పడుతుంది గానీ ఎర్రటి తుప్పు రాదు. ఈసారి జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. అంటుకుంటే వద్దు. అంటుకోకపోయినా జింకు కావచ్చు, వెనకవైపు ఆకురాయితో గీయించి చూడండి, లోపలా పసుపే ఉండాలి.

విరిగిన పాత ముక్క పారేయకండి! దాన్నే నమూనాగా ఇస్తే పోత పోసేవాళ్లు అచ్చు తీస్తారు. ఇత్తడి చల్లారాక దాదాపు 1.5 శాతం కుదించుకుపోతుంది, కాబట్టి అసలు కొలత ముందే చెప్పండి. అచ్చంగా పాతవే కావాలంటే తమిళనాడులోని కారైకుడిలో పాత సామాన్ల దుకాణాలుండే మునీశ్వరన్ కోవిల్ వీధికి వెళ్లాలి, బేరమాడే ఓపిక ఉంటేనే.

స్క్రూలు కూడా ఇత్తడివే వాడండి. టేకులో నేరుగా బిగిస్తే తల విరుగుతుంది. ముందు ఇనుప స్క్రూతో దారి చేయించండి.